మొదటి కార్ట్ రేస్‌కి పిల్లల్ని సిద్ధం చేయడం ఎలా: నెలన్నర ముందు నుంచి రేస్ సాయంత్రం దాకా

ప్రాక్టీసులో ఒంటరిగా గో-కార్ట్ బ్రహ్మాండంగా నడిపే పిల్లలు మొదటి రేస్ మీట్‌కి రాగానే బిగుసుకుపోతుంటారు. నడపడం మర్చిపోయారని కాదు. తూకం ఎక్కడ వేస్తారు, ఏ గేటు నుంచి ట్రాక్ మీదికి వెళ్లాలి, ఆ అంకుల్ ఊపిన జెండా ఏంటి, బ్రీఫింగ్‌లో ఏం చెప్పారు, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. దాంతో తల నిండిపోయి, మలుపు కోసం చోటు మిగలదు. అందుకే నేను ఏ కుటుంబానికైనా చెప్పేది ఒకటే: రేస్ రోజున మీ వాడికి కొత్తగా ఉండాల్సింది పక్కనే నడుస్తున్న మిగతా కార్ట్‌లు మాత్రమే. మిగతాదంతా ముందే అలవాటు చేసెయ్యాలి. కింద రాసిన ప్రతి అడుగూ అందుకోసమే.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేస్ జరిగాక, 'మా అమ్మాయికి నేర్పిద్దాం, ఎక్కడ మొదలుపెట్టాలి?' అని అడిగినవాళ్లున్నారు. తెలుగు పిల్లలు జాతీయ స్థాయి కార్టింగ్ చేయాలంటే ఎక్కువగా బెంగళూరు, కోయంబత్తూరు, చెన్నై ట్రాక్‌లకే వెళ్లాలి. కాబట్టి ఊరు దాటి వెళ్లే రెండు మూడు రోజుల మీట్‌నే మనసులో పెట్టుకుని రాస్తున్నాను. రోటాక్స్ కంపెనీ ఇంజిన్లతో నడిచే రోటాక్స్ మ్యాక్స్ లాంటి టూ-స్ట్రోక్ క్లాసులు (అంటే పోటీ విభాగాలు), 8 నుంచి 15 ఏళ్ల పిల్లలు. మాల్ పక్కన ఉండే ఫోర్-స్ట్రోక్ రెంటల్ కార్ట్‌ల పోటీకైనా చాలా భాగం ఇదే వర్తిస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది: అసలు సిద్ధమేనా?

వేగం చూడకండి, నిలకడ చూడండి. పది ల్యాపులు (ట్రాక్ చుట్టూ పది రౌండ్లు) వరసగా నడిపించి టైమ్‌లు రాయండి. ఒకటి చాలా వేగంగా, ఇంకొకటి రెండు సెకన్లు నెమ్మదిగా వస్తుంటే ఇంకొన్నాళ్లు ఆగండి. అన్నీ అర సెకను అటూఇటూగా వస్తుంటే, మొత్తంగా నెమ్మదిగా ఉన్నా ఫరవాలేదు. అలాంటి పిల్లలు ఏం చేస్తారో వెనక వచ్చేవాళ్లకి ముందే తెలుస్తుంది. గుంపులో అదే భద్రత.

రెండో పరీక్ష: స్పిన్ అయ్యాక, అంటే కార్ట్ గిర్రున తిరిగి ఆగాక, ఏం చేస్తున్నారు? బిత్తరపోయి చేతులు వదిలేస్తే ఇంకా టైమ్ ఉంది. బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని, వెనక చూసుకుని, మళ్లీ బయల్దేరుతుంటే సిద్ధమే.

మూడోది, పిల్లల్నే అడగండి. 'రేస్ చేస్తావా?' అంటే ఎవరైనా ఊ అంటారు. 'మొదటి రేస్‌లో చివర వచ్చినా మళ్లీ వెళ్దామంటావా?' అని అడిగి, జవాబు కంటే ముఖం చూడండి.

కాగితాలు, క్లాసు, టీమ్

మన దేశంలో మోటార్ స్పోర్ట్‌ని నడిపే సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ (ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా). పోటీ లైసెన్స్ అక్కడి నుంచే తీసుకోవాలి. పుట్టిన తేదీ రుజువు, ఫొటో, డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, బ్లడ్ గ్రూప్, మైనర్ కాబట్టి తల్లిదండ్రుల సంతకం, ఇవి ముందే సర్దుకోండి. ఎంట్రీ గడువు దగ్గరపడ్డాక పరుగులు పెట్టేకంటే నెలన్నర ముందే అప్లై చేయడం నయం. ఒరిజినల్స్‌తో పాటు రెండేసి జిరాక్స్‌లు ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ని ఇంట్లో ఒకరికే అప్పగించండి.

రోటాక్స్‌లో మైక్రో, జూనియర్, సీనియర్ క్లాసులన్నిటికీ మూలం 125 సీసీ ఇంజినే. చిన్నవాళ్లకి దాన్ని కట్టడి చేసి ఇస్తారు. మైక్రోలో సుమారు 8 హార్స్‌పవర్, జూనియర్‌లో 23, సీనియర్‌లో 30 దాకా వస్తుంది. వయసు హద్దులు, కనీస బరువు ఏటా మారొచ్చు కాబట్టి ఆ సంవత్సరం నిబంధనల పుస్తకమే చూడండి. వయసు రెండు క్లాసుల మధ్య పడితే చిన్న క్లాసులోనే మొదలుపెట్టండి. 'మావాడు ఎదిగాడు, పెద్దదాంట్లో వేసేద్దాం' అనే తొందర వల్ల బాగుపడ్డ పిల్లల్ని నేను చూడలేదు.

మొదటి మీట్‌కే కార్ట్ కొనొద్దు. కార్ట్, మెకానిక్, టెంట్ అన్నీ కలిపి అద్దెకిచ్చే టీమ్‌లుంటాయి. మాట్లాడుకునేటప్పుడు మూడు విషయాలు తేల్చుకోండి: ఒక మెకానిక్ ఎన్ని కార్ట్‌లు చూస్తాడు, ప్రమాదంలో ఏదైనా విరిగితే డబ్బు ఎవరు కట్టాలి, టైర్లు కొత్తవా వాడినవా. ఫోన్లో ఒప్పుకున్నా సరే, వాట్సాప్‌లో రాయించుకోండి. సోమవారం వచ్చే బిల్లు చూసి గొడవపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

సీటు

దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. పిల్లల మీట్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ మొదటి కార్ట్ తయారు చేసినప్పుడు దానికి సస్పెన్షన్ లేదు. ఇప్పటికీ లేదు. వెనక రెండు చక్రాలు ఒకే యాక్సిల్‌కి (ఇరుసుకి) బిగించి ఉంటాయి, రెండిటినీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. కాబట్టి మలుపులో లోపలి వెనక చక్రం కాస్త పైకి లేస్తేనే కార్ట్ సాఫీగా తిరుగుతుంది. దాన్ని లేపేది ఫ్రేమ్ వంగడం, డ్రైవర్ బరువు. ఆ బరువు ఫ్రేమ్‌కి చేరేది సీటు ద్వారానే. సీటు వదులుగా ఉంటే సెట్టింగులు ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదు.

పిల్లల సంగతికొస్తే ఇంకా ముఖ్యం. కార్ట్‌లో సీట్ బెల్ట్ ఉండదు. బోల్తా పడితే కార్ట్ కింద ఇరుక్కోకుండా బయటికి పడాలన్నది ఆలోచన. అంటే మలుపులో ఒంటిని పట్టి ఉంచేది సీటొక్కటే. అది వదులైతే పిల్లలు స్టీరింగ్ పట్టుకుని వేలాడతారు. అయిదో ల్యాపుకి ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి, ఎనిమిదో ల్యాపుకి మలుపు తిప్పలేరు. బయటి నుంచి చూసేవాళ్లు 'ధైర్యం చాల్లేదు' అనుకుంటారు.

ఎలా చూడాలి? పూర్తి సూట్, పక్కటెముకల్ని కాపాడే రిబ్ ప్రొటెక్టర్, షూ వేసి కూర్చోబెట్టండి. ఖాళీ టీషర్టుతో చూస్తే లెక్క తప్పుతుంది. సీటు అంచులు నడుముకి రెండు వైపులా తాకాలి, కానీ పక్కటెముకలకి గుచ్చుకోకూడదు. చేతులు స్టీరింగ్ మీద మూడు, తొమ్మిది గంటల దగ్గర పెడితే మోచేతులు కాస్త వంగి ఉండాలి. ఎడమ కాలితో బ్రేక్ చివరిదాకా తొక్కినా మోకాలు పూర్తిగా చాపుకుపోకూడదు. ఇప్పుడు మీరు కార్ట్ పక్కన నిలబడి పిల్లాడి భుజం పట్టుకుని పక్కకి లాగండి. సీటు, మనిషి కలిసి కదిలితే బాగున్నట్టు. మనిషి మాత్రమే జరిగితే సీటు మార్చాలి, లేదా కదలకుండా అతికించే ప్యాడ్ వేయాలి. దిండ్లు, టవళ్లు పెట్టొద్దు. బ్రేక్ వేసినప్పుడు అవి జారి పెడల్స్ దగ్గరికి వస్తాయి.

హెల్మెట్, సూట్ అన్నీ వేసుకున్నాక కూడా కనీస బరువు చాలకపోతే సీటుకి సీసపు దిమ్మలు బిగిస్తారు. అవి ఎక్కడున్నాయో పిల్లలకి చూపించి, బోల్టులు గట్టిగా ఉన్నాయో లేదో వాళ్ల చేతే తట్టి చూపించండి. ట్రాక్ మీద ఊడిపడిన సీసం వెనక వచ్చేవాళ్లకి ప్రాణాంతకం.

హెల్మెట్, సూట్, జుట్టు

15 ఏళ్లలోపు పిల్లలకి తేలికగా చేసిన ప్రత్యేక కార్టింగ్ హెల్మెట్లున్నాయి. వాటి ప్రమాణం స్నెల్-ఎఫ్ఐఏ సీఎంఆర్. బైక్ హెల్మెట్ ఎంత ఖరీదైనదైనా స్క్రూటినీలో (రేస్‌కి ముందు అధికారులు చేసే తనిఖీలో) పక్కన పెట్టేస్తారు. పైగా దాని బరువుకి చిన్న మెడ అలిసిపోతుంది. సైజు చూడటం తేలికే. హెల్మెట్ పెట్టి, గడ్డం దగ్గర పట్టుకుని పక్కలకి తిప్పండి. బుగ్గల చర్మం కూడా దానితో కదలాలి. తర్వాత స్ట్రాప్ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకి ఎత్తండి. ఊడి వచ్చేలా ఉంటే అది పెద్దది. 'వచ్చే ఏడాదికి సరిపోతుందిలే' అని బట్టలు కొన్నట్టు హెల్మెట్ కొనకూడదు.

కార్టింగ్ సూట్, గ్లవ్స్, చీలమండ కప్పే షూ, రిబ్ ప్రొటెక్టర్, మెడకి కాలర్. ఇవన్నీ వేసుకుని ఇంట్లోనే సాయంత్రాలు అరగంట కూర్చోబెట్టండి. టీవీ చూడనివ్వండి, ఏదైనా చేయనివ్వండి. ఉక్కపోత అలవాటు కావాలి. గ్లవ్స్‌తో వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) ఎత్తడం, దించడం చేతికి రావాలి.

జుట్టు గురించి గట్టిగా చెబుతున్నాను. పొడుగు జుట్టు ఉంటే గట్టిగా జడ వేసి, బాలాక్లావా (హెల్మెట్ కింద తలకి వేసుకునే ముసుగు) లోపలికి, సూట్ లోపలికి పూర్తిగా వెళ్లిందో లేదో ప్రతి సెషన్‌కి ముందు మీ చేత్తో తడిమి చూడండి. వెనక యాక్సిల్, చైన్ వీపుకి చాలా దగ్గర్లో తిరుగుతుంటాయి. 2020లో హైదరాబాద్ శివార్లలోని ఒక గో-కార్టింగ్ ట్రాక్‌లో జుట్టు చక్రానికి చిక్కుకుని ఒక విద్యార్థిని చనిపోయింది. మెడలో గొలుసు, తాయెత్తు దారం, వదులు తాళ్లున్న హుడీ, ఏదీ ఉండకూడదు. అమ్మమ్మ కట్టిన రక్షరేకు అయినా సరే, ఆ పూటకి తీసి పర్సులో పెట్టుకోండి.

జెండాలు

పుస్తకంలో చూపిస్తే సరిపోదు. రంగు కాగితాలతో జెండాలు చేసి, పిల్లలు సైకిల్ తొక్కుతుంటే వీధి చివర నిలబడి ఊపండి. చూసిన వెంటనే చేయాల్సిన పని చేయాలి. 'ఇది పసుపు' అని చెప్పడం జవాబు కాదు.

పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది: వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు. ఎరుపు వస్తే రేస్ ఆపేశారు: నెమ్మదించి, ఆగడానికి సిద్ధంగా, బ్రీఫింగ్‌లో చెప్పిన చోటికి చేరాలి. నీలం అంటే నీకంటే ఒక ల్యాప్ ముందున్నవాళ్లు వస్తున్నారు. పసుపు మీద ఎర్ర చారలు ఉంటే ట్రాక్ జారుతోంది. నలుపు, తెలుపు ఐమూలగా ఉంటే నువ్వు నడిపే తీరుకి హెచ్చరిక. నల్ల జెండా మీద నారింజ రంగు గుండ్రం, పక్కన నీ నంబర్ చూపిస్తే నీ కార్ట్‌లో ఏదో ఊడిందనో విరిగిందనో అర్థం: పిట్‌లోకి రావాలి. పూర్తి నలుపు, నీ నంబర్‌తో వస్తే లోపలికి వచ్చి అధికారుల్ని కలవాలి. గళ్ల జెండా అయితే అయిపోయింది.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది నీలం దగ్గర. జెండా చూడగానే కంగారుగా పక్కకి తిప్పేస్తారు. వెనక వచ్చేవాడు సరిగ్గా ఆ పక్కనుంచే దాటడానికి వస్తుంటాడు. నేర్పాల్సింది ఇది: మీ లైన్‌లోనే నడవండి, అడ్డుపడొద్దు, స్ట్రెయిట్‌లో కాస్త థ్రాటిల్ (యాక్సిలరేటర్) తగ్గించి వెళ్లనివ్వండి. దాటేవాడు దారి చూసుకుంటాడు.

నలుగురిలో నడపడం, స్టార్ట్

మీట్‌కి ముందు కనీసం రెండుసార్లు ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలతో కలిపి ట్రాక్ బుక్ చేసుకోండి. ఒంటరిగా చేసే యాభై ల్యాపుల కంటే ఈ పది ల్యాపులు ఎక్కువ నేర్పుతాయి. మొదట ఒకరి వెనక ఒకరు, దాటకుండా. తర్వాత పక్కపక్కనే ఒక మలుపు తిరగడం: లోపలున్నవాళ్లు లోపలే, బయటున్నవాళ్లు బయటే. ఆ తర్వాతే దాటడం. కోచ్ ముందే 'ఇప్పుడు నువ్వు దాటు, నువ్వు దాటనివ్వు' అని చెప్పి చేయించాలి.

ఇక స్టార్ట్. గేర్‌బాక్స్ లేని ఈ క్లాసుల్లో రోలింగ్ స్టార్ట్ ఉంటుంది. కార్ట్‌లు ఆగి ఉండవు. రెండు వరసల్లో నెమ్మదిగా నడుస్తూ వస్తాయి, వరస సరిగ్గా ఉంటే లైట్ల సిగ్నల్‌తో వదులుతారు. బాగోలేకపోతే ఇంకో రౌండ్ తిప్పుతారు. పిల్లలకి ఇది విచిత్రంగా ఉంటుంది, ఎందుకంటే ప్రాక్టీసులో ఇంత నెమ్మదిగా ఎప్పుడూ నడపలేదు. వాళ్లు సాధారణంగా ముందున్న బంపర్‌నే చూస్తూ ఉండిపోతారు. అది కదిలినప్పుడే కదులుతారు, అంతలో మూడు కార్ట్‌లంత ఖాళీ వచ్చేస్తుంది. చూపు ఇంకో రెండు కార్ట్‌ల ముందుకి పోవాలి. అక్కడ తలలు వెనక్కి వాలితే గుంపు కదులుతోందని అర్థం. ఫార్మేషన్ ల్యాపులో (స్టార్ట్‌కి ముందు వరస కట్టి నడిచే ల్యాపులో) ముందున్నవాళ్లకి సగం కార్ట్ దూరం ఉంచాలి. వెనకబడితే కంగారుగా దూసుకొచ్చి గుద్దొద్దు, మెల్లగా కలవాలి. బ్రేక్, థ్రాటిల్ ఒకేసారి తొక్కొద్దు.

మొదటి మలుపుకి ఒక్కటే నియమం: రోజూ బ్రేక్ వేసే చోటుకంటే ముందే వేయాలి. టైర్లు ఇంకా వేడెక్కలేదు, గ్రిప్ తక్కువ. పైగా ముందున్న గుంపు మలుపులో దాదాపు ఆగిపోయి ఉంటుంది. చాలా కార్ట్‌ల ముందు బంపర్ గట్టిగా గుద్దితే లోపలికి జరిగిపోయేలా ఉంటుంది. అలా జరిగితే రేస్ అయ్యాక టైమ్ పెనాల్టీ పడుతుంది. కాబట్టి గుద్ది చోటు సంపాదించినా చివర్లో అది మిగలదు.

కొత్తవాళ్లని గ్రిడ్ (స్టార్ట్ వరస) చివర నుంచి పంపమని టీమ్ మేనేజర్ ద్వారా అధికారుల్ని అడిగి చూడండి. నా మటుకు నేను మొదటి రేస్‌కి అదే మంచిదంటాను. వెనక నుంచి ఎవరూ తగలరు, ముందు జరిగేదంతా కనిపిస్తుంది.

స్పిన్ అయినా, ఆగిపోయినా ఏం చేయాలో కూడా సాధన చేయించండి. బ్రేక్ గట్టిగా, చేతులు స్టీరింగ్ మీదే, ట్రాక్ మీద ఆగిపోతే చెయ్యి పైకి ఎత్తాలి. కార్ట్‌లు వస్తుండగా లేచి దిగకూడదు. మార్షల్ (ట్రాక్ పక్కన జెండాలు ఊపే అధికారి) సైగ చేశాకే దిగి, టైర్ల గోడ అవతలికి వెళ్లాలి. పిట్‌లోకి వచ్చేటప్పుడు, వేగం తగ్గించేటప్పుడు కూడా చెయ్యి ఎత్తడం అలవాటు చేయండి.

ఒళ్లు, తిండి

జిమ్ అక్కర్లేదు. సైకిల్, ఈత, స్కిప్పింగ్ చాలు. రేస్‌లో ఉండే ల్యాపులకంటే రెండు మూడు ఎక్కువే ప్రాక్టీసులో ఆపకుండా చేయించండి. మెడకి, చేతులకి అదే అసలైన వ్యాయామం. రేస్ రోజు ఇడ్లీ, అరటిపండు, మధ్యాహ్నం కాస్త పెరుగన్నం. దారిలో హోటల్ బిర్యానీ ఆదివారం సాయంత్రానికి వాయిదా వేయండి. సూట్‌లో చెమట బాగా పోతుంది కాబట్టి మజ్జిగ, ఓఆర్ఎస్ గుక్కెడు గుక్కెడుగా పొద్దున్నుంచీ ఇస్తూ ఉండండి. సెషన్ ముందు ఒకేసారి లీటరు తాగిస్తే కార్ట్ ఎక్కాక బాత్‌రూమ్ గుర్తొస్తుంది.

మీట్‌కి చేరాక

ఒక రోజు ముందే చేరండి. హైదరాబాద్ నుంచి బెంగళూరు సుమారు 570 కిలోమీటర్లు. రాత్రంతా కారులో వచ్చి పొద్దున్నే కార్ట్ ఎక్కితే నెల రోజుల కష్టం బూడిదలో పోసినట్టే.

మొదటి పని ట్రాక్ నడవడం. పిల్లలతో కలిసి కాలినడకన తిరగండి, మీరు మాట్లాడకండి, వాళ్లనే చెప్పమనండి. బ్రేక్ ఎక్కడ, కెర్బ్ (మలుపు అంచున ఉండే దిమ్మ) ఎంత ఎత్తుంది, జెండాలు పట్టుకునే మార్షల్స్ ఎక్కడ నిలబడతారు. ఈ చివరిదాన్ని ఎవరూ చూడరు. మార్షల్ పోస్టులు తెలిసిన పిల్లలు జెండా కోసం వెతుక్కోరు, అటువైపు ఒక చూపు వేస్తారంతే. తర్వాత పిట్‌లోకి వచ్చే దారి, బయటికి వెళ్లే దారి, తూకం మిషన్, అన్నీ నడిచే చూపించండి.

స్క్రూటినీలో కార్ట్‌నీ, డ్రైవర్ సరంజామానీ చూస్తారు. మెకానిక్ చేసేదే అయినా పిల్లల్ని పక్కన నిలబెట్టండి. చక్రాల నట్లు, స్టీరింగ్ బోల్టులు, బ్రేక్ పెడల్ లింకు, థ్రాటిల్ కేబుల్ తిరిగి వెనక్కి వస్తోందా, సీటుని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే కమ్మీలకి పగుళ్లున్నాయా. ఈ అయిదూ ప్రతి సెషన్ ముందు పిల్లలు కూడా వేలితో ముట్టుకుని చూడాలి. ల్యాప్ టైమ్ లెక్కపెట్టే ట్రాన్స్‌పాండర్ సీటు వెనక బిగించారో లేదో కూడా.

డ్రైవర్స్ బ్రీఫింగ్‌కి తప్పకుండా వెళ్లాలి, హాజరు తీసుకుంటారు. వివరణ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనో అక్కడి భాష కలిపో సాగుతుంది. మైనర్‌తో పెద్దవాళ్లని లోపలికి రానిస్తే మీరూ కూర్చుని నోట్ చేసుకోండి. ఆ రాత్రి భోజనం దగ్గర తెలుగులో మళ్లీ అడగండి: 'ఎర్ర జెండా వస్తే ఎక్కడ ఆగాలన్నారు నాన్నా?' అర్థం కానిది ఉంటే పొద్దున్నే అధికారుల్నే అడిగి రావాలి, పక్క టెంట్ వాళ్లని కాదు.

ప్రాక్టీస్, క్వాలిఫయింగ్

మొదటి ప్రాక్టీస్ సెషన్‌లో టైమ్ చూడొద్దు. ఇంజిన్ వేడెక్కేదాకా, టైర్లు పట్టేదాకా మెల్లగా మొదలుపెట్టడమే పని. సెషన్‌కి ముందు నీడలో టైర్ ప్రెషర్, తిరిగి వచ్చిన వెంటనే మళ్లీ ప్రెషర్, రెండూ నోట్‌బుక్‌లో రాయండి. ఆ తేడాయే మెకానిక్‌కి అసలు సమాచారం. సెట్టింగులు మాత్రం మీట్ మొత్తం వీలైనంత తక్కువ మార్చండి. కార్ట్ రోజుకో రకంగా ప్రవర్తిస్తే పిల్లలకి తప్పు తమదో కార్ట్‌దో తెలియదు.

స్టార్ట్ వరసలో ఎవరెక్కడో తేల్చే క్వాలిఫయింగ్‌లో ఒక ఖాళీ వెతుక్కోవడమే కిటుకు. గేటు తెరవగానే అందరూ గుంపుగా వెళ్తారు. మీ వాణ్ణి ముందు ఒక కార్ట్‌కి కాస్త దూరంగా ఉండి, ఎవరూ అడ్డులేని రెండు మూడు ల్యాపులు చేసుకోమనండి. అంతే.

ప్రతి సెషన్ తర్వాత ఒక్కరే మాట్లాడాలి, కోచో మెకానికో. నాన్న ఒకటి, మామయ్య ఇంకొకటి, ఫోన్లో తాతయ్య మరొకటి చెబితే పిల్లలు మూగబోతారు. ఆ ఒక్కరు కూడా ముందు నీళ్లిచ్చి, హెల్మెట్ తీయనిచ్చి, 'ఏ మలుపులో ఇబ్బందిగా ఉంది కన్నా?' అని అడగాలి. తర్వాతి సెషన్‌కి ఒకే ఒక్క విషయం చెప్పి పంపాలి.

కంచె దగ్గర నిలబడి అరవడం, అధికారులతో వాదించడం చేయకండి. మోటార్ స్పోర్ట్ నిబంధనల ప్రకారం వెంట వచ్చినవాళ్ల ప్రవర్తనకి ఎంట్రంట్‌దే (పోటీకి ఎంట్రీ ఇచ్చినవాళ్లదే) బాధ్యత. మీ కోపానికి శిక్ష పిల్లల ఫలితం మీద పడొచ్చు.

వాన పడితే

బెంగళూరులో వర్షాకాలంలో ఇది మామూలే. తడి ట్రాక్ మీద గీతలున్న వెట్ టైర్లు వేస్తారు. ఎండలో రబ్బరు పట్టిన లైనే వానలో జారుడుగా మారుతుంది. అందుకే మలుపుల్లో మామూలు దారి వదిలి కాస్త బయటి అంచు దాకా వెళ్లి తిరగాలి. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి. వైజర్ లోపల పొగమంచు పట్టకుండా ముందే తుడిచి పెట్టండి, పొడి గ్లవ్స్ ఇంకో జత ఉంచుకోండి. వానలో ఎప్పుడూ నడపని పిల్లలు భయపడితే బలవంతం చేయొద్దు. మెల్లగా పూర్తి చేసి రమ్మనండి, చాలు.

గళ్ల జెండా తర్వాత

రేస్ అయిపోయినా పని అయిపోలేదు. వేగం తగ్గించి, చెయ్యెత్తి, నేరుగా తూకం దగ్గరికి రావాలి. కార్ట్‌తో పాటు డ్రైవర్‌ని హెల్మెట్, గ్లవ్స్ అన్నీ ఉండగానే తూస్తారు. మధ్యలో అమ్మ ఎదురొచ్చి నీళ్ల సీసా ఇచ్చినా, ఆనందంగా గ్లవ్స్ విసిరేసినా తలనొప్పే. కనీస బరువుకి కొద్దిగా తగ్గినా ఫలితం కొట్టేయొచ్చు. అందుకే మెకానిక్ లెక్కలో ఒకటి రెండు కిలోలు ఎక్కువే ఉంచమనండి. చెమట రూపంలో, టైర్లు అరిగి, పెట్రోల్ ఖర్చయి బరువు తగ్గుతుంది. తూకం తర్వాత కార్ట్‌లు పార్క్ ఫెర్మేలో ఉంటాయి. అధికారులు వదిలేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు, మెకానిక్ అయినా సరే. ఈ క్రమం పిల్లలకి రాకపోతే ప్రాక్టీస్ రోజునే ఒకసారి తూకం దాకా నడిపించండి.

ఎవరైనా గుద్ది బయటికి పంపారనుకోండి, పిల్లల్ని వాళ్ల టెంట్ దగ్గరికి పంపకండి, మీరూ వెళ్లకండి. ఫిర్యాదుకి గడువు, ఫీజు ఉంటాయి. టీమ్ మేనేజర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా ఇవ్వండి. మొదటి మీట్‌లో నిజంగా అవసరమైతేనే ఆ దాకా వెళ్లండి.

సాయంత్రం ఫలితాల షీట్‌తో పాటు ల్యాప్ టైమ్‌ల షీట్ కూడా తీసుకోండి. ఎన్నో స్థానం అన్నది ఆ రోజుకి పక్కన పెట్టి, పిల్లలు కాస్త తిని పడుకున్నాక మీరొక్కరే ఆ షీట్ చూడండి. మొదటి రెండు ల్యాపులు మాత్రమే నెమ్మదిగా ఉంటే స్టార్ట్, చల్లటి టైర్ల మీద నడక ఇంకా కావాలి. సగం దాటాక టైమ్ పెరుగుతూ పోతే ఓపిక చాల్లేదు, లేదా సీటు ఇంకా వదులుగా ఉంది. ముంజేతులు నొప్పిగా ఉన్నాయా అని అడిగితే రెండిట్లో ఏదో తెలిసిపోతుంది. ఒంటరిగా ఉన్న ల్యాపుల్లో బాగుండి, పక్కన ఎవరో వచ్చినప్పుడల్లా సెకను పోతుంటే, తర్వాతి ప్రాక్టీసుకి మళ్లీ ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కలిపి ట్రాక్ బుక్ చేయండి. ఈసారి మీ వాళ్లకంటే కాస్త వేగంగా నడిపేవాళ్లని పిలవండి.